రమ్ కొనేముందు మూడు ప్రశ్నలు: దేని ఊట, ఎంత గాఢత, ఆ తర్వాత ఏం కలిపారు

ఒడిశా సరిహద్దున పర్లాకిమిడి అయినా, గుణుపురం అయినా, రాయగడ అయినా, ఆఫ్ షాపులో రమ్ అడిగితే కౌంటర్ లోపలి నుంచి వచ్చే ప్రశ్న ఒక్కటే: "బ్లాకా, వైటా?" రమ్ గురించి అడగదగ్గ ప్రశ్నల్లో అన్నిటికన్నా పనికిరానిది అదే. చక్కెర మాడ్చి కలిపితే నిన్న కాచిన సారా కూడా నల్లగా ఉంటుంది. ఏళ్ల తరబడి పీపాలో ఉన్నదాన్ని బొగ్గులో వడగడితే నీళ్లలా తెల్లగానూ ఉంటుంది. రంగుని బట్టి తెలిసేది రంగు ఒక్కటే.

అడగాల్సినవి మూడు. దేన్ని పులియబెట్టారు? ఎంత గాఢత వచ్చేదాకా కాచారు? కాచాక ఎక్కడ ఉంచారు, ఏం కలిపారు? మూడింట్లో రెండోదే రుచిని ఎక్కువగా నిర్ణయిస్తుంది. లేబుల్ మీద దాదాపు ఎప్పుడూ కనపడనిదీ అదే.

దేన్ని పులియబెట్టారు

చెరకు రసంతో మొదలుపెడదాం. బండి దగ్గర పొద్దున తీసిన రసం ఎండలో మధ్యాహ్నం దాకా ఉంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. గాలిలోని ఈస్టూ బాక్టీరియా కలిసి గంటల్లోనే దాన్ని పులుపెక్కిస్తాయి. చెరకు కొట్టిన దగ్గర్నుంచే ఈ పరుగు మొదలవుతుంది. 24 గంటల్లో గానుగకి పడకపోతే గడలోని చక్కెర తగ్గుతుంది, రసం జిగురెక్కుతుంది. అందుకే రసంతో సారా కాచేవాళ్లు తోట పక్కనే ఉంటారు, కోతల కాలంలోనే కాస్తారు. కరీబియన్‌లోని మార్టినీక్, గ్వాడెలూప్ దీవుల 'రమ్ అగ్రికోల్', బ్రెజిల్ 'కషాసా', హైతీ 'క్లెరాన్' ఈ కోవవే. వీటిలో పచ్చి చెరకు పిప్పి వాసన, కోసిన గడ్డి వాసన, చివర్లో మిరియాల ఘాటు ఉంటాయి. తియ్యటి నల్ల రమ్‌కి అలవాటుపడిన నాలుక మొదటి గుక్కలో దీన్ని 'కాచడం రాని సారా' అంటుంది. రెండో రోజు మళ్లీ చూడండి.

రసాన్ని కాచి చిక్కటి పాకమో బెల్లమో చేస్తే నిల్వ ఉంటుంది. కానీ ఆ పచ్చి వాసన పెనంలోనే పోయి, దాని చోట మాడీ మాడని పాకం కమ్మదనం వస్తుంది. బెల్లపు సారా మనకి కొత్తేం కాదు, సంస్కృతంలో దానికి 'గౌడి' అని పేరే ఉంది. జపాన్‌లో అమామి దీవుల వాళ్లకి నల్లబెల్లంతో షోచూ (జపాన్ సారా) తక్కువ పన్నుతో కాచుకునే అనుమతి 1953లో వచ్చింది. బియ్యానికి పట్టించిన కోజి బూజుని అందులో కలపాలన్న షరతు మీదే వాళ్లకి ఆ పన్ను వెసులుబాటు దక్కింది. మన దేశంలో బెంగళూరు అమృత్ వాళ్ల 'టూ ఇండీస్' బెల్లపు రమ్‌కి కరీబియన్ రమ్ కలిపి చేసినది.

ఇక్కడ గుడుంబా ప్రస్తావన రాకుండా ఉండదు. అదీ బెల్లపు ఊటే కదా, మరి అంత కంపు ఎందుకు? తప్పు బెల్లానిది కాదు. కడగని డ్రమ్ములో, 38, 40 డిగ్రీల ఎండలో ఊట పెడితే ఈస్టు కుదేలై బాక్టీరియాది పైచేయి అవుతుంది. వెనిగర్ ఘాటు, పులిసిన పెరుగు కంపు అక్కడివే. రేకు డ్రమ్ములో కాస్తారు గనక గంధకం వాసన పట్టి ఉంచే రాగి ఉండదు. పైగా మొదటి చుక్కలూ చివరి చుక్కలూ వేరు చేయరు. ప్రాణాలు పోయే ఘటనల్లో మాత్రం కారణం వేరు. చెరకు ఊటలో మెథనాల్ పుట్టేది అతి కొద్దిగానే. 2015లో ముంబయి మాల్వణిలో వంద మందికి పైగా చనిపోయింది పరిశ్రమల మెథనాల్ కలిపినందువల్ల. మెథనాల్‌ని వాసనతో, నిప్పు పెట్టి చూసే మంట రంగుతో కనిపెట్టొచ్చన్న మాట నమ్మకండి. సీలు లేని సీసాకి ఇంట్లో చేసుకునే పరీక్ష ఏదీ లేదు. (ఇప్పసారా చెరకుది కాదు, పువ్వుది. దాని లెక్కే వేరు.)

ఇక మడ్డి, అంటే మొలాసిస్. ప్రపంచంలో రమ్ చాలావరకు దీనిదే. మిల్లులో రసాన్ని మూడుసార్లు మరిగించి చక్కెర పలుకులు తీసేశాక మిగిలే నల్లటి జిగురు ఇది. అస్కా మిల్లు దారిలో వెళ్లినవాళ్లకి ఆ వాసన చెప్పక్కర్లేదు. టన్ను చెరకుని నేరుగా ఆల్కహాల్‌కి మళ్లిస్తే సుమారు 70 లీటర్లు వస్తుంది. అదే చెరకు నుంచి చక్కెర తీసేశాక మిగిలేది 40, 45 కిలోల మడ్డి, దాన్నుంచి వచ్చేది 10 లీటర్ల ఆల్కహాల్. కానీ ఆ పది లీటర్లకి ముడిసరుకు ఖర్చు తక్కువ, చెరకు డబ్బు చక్కెర రూపంలో ముందే వచ్చేసింది కదా. రసం రమ్‌కీ మడ్డి రమ్‌కీ ధరలో తేడా ఎక్కడిదంటే మొదట చూడాల్సింది ఈ లెక్కనే.

మడ్డి చిక్కదనం 80 బ్రిక్స్ (చక్కెర గాఢతని కొలిచే అంకె) పైన ఉంటుంది. అందులో ఈస్టు బతకదు కాబట్టి మడ్డి ఏళ్లు నిల్వ ఉంటుంది, ఓడలెక్కి ఏ దేశానికైనా పోతుంది. ఊటకి మాత్రం నీళ్లు కలిపి 20 బ్రిక్స్ దగ్గరికి తేవాలి. తక్కువ కలిపితే ఈస్టు సగంలో ఆగిపోయి చక్కెర మిగులుతుంది. మరీ ఎక్కువ కలిపితే బాక్టీరియాకి దారి దొరుకుతుంది.

ఊటా, బట్టీ

ఊట వేడి 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే ఈస్టు హాయిగా పనిచేస్తుంది. 35 దాటితే కష్టపడుతుంది, ఆ కష్టమే వాసనలో తేలుతుంది. పెద్ద డిస్టిలరీల్లో మడ్డి ఊట ఒకటిన్నర రెండు రోజుల్లో అయిపోతుంది, 7 నుంచి 10 శాతం ఆల్కహాల్ వస్తుంది. రసం ఊటలో 4 నుంచి 6 శాతమే వస్తుంది.

జమైకావాళ్ల తీరు దీనికి పూర్తిగా అడ్డం. ఘాటు రమ్ కోసం ఊటని వారం, రెండు వారాలు వదిలేస్తారు. వెనకటి బట్టీలో మిగిలిన పుల్లటి నీళ్లు అందులో పోస్తారు, బాక్టీరియాని కావాలనే పెంచుతారు. బాక్టీరియా చేసిన ఆమ్లాలు ఆల్కహాల్‌తో కలిసి ఈస్టర్లు పుడతాయి. మాగి మాగి పగిలిన పనసపండు వాసన ఇంట్లో ఏ మూలన ఉన్నా తెలుస్తుంది చూశారా, ఆ వాసనా ఈస్టర్లదే. 100 లీటర్ల శుద్ధ ఆల్కహాల్‌లో ఎన్ని గ్రాముల ఈస్టర్లు ఉన్నాయో చూసి అక్కడ రమ్‌ని తరగతులు కడతారు. తేలిక రకం 80 దగ్గర మొదలవుతుంది, పై హద్దు 1600. ఆ చివరి రకం తాగడానికి కాదు, వేరే రమ్‌లో, మిఠాయిల్లో చుక్కలుగా వేయడానికి.

గాఢత సంగతికొస్తే, కాచేటప్పుడు ఆల్కహాల్ ఎంత చిక్కబడితే ఊట రుచి అంత వెనకబడిపోతుంది. రాగి బట్టీ కషాసా 38 నుంచి 54 శాతం మధ్య దిగుతుంది. అగ్రికోల్‌ని పొట్టి రాగి కాలమ్‌లో, అంటే ఆపకుండా కాచే నిలువు గొట్టం బట్టీలో, 65, 75 మధ్య పడతారు. ఐరోపా నియమం ప్రకారం రమ్ 96 శాతం కన్నా తక్కువలోనే దిగాలి, అమెరికాలో 95 కన్నా తక్కువలో. మన దేశంలో చవక మద్యానికి ఆధారమైన ఈఎన్‌ఏ, అంటే ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్, 96 శాతం. ఆ మెట్టు దగ్గర మడ్డి ఊటా, నూకల ఊటా ఒకటే, దేనిదో ముక్కు చెప్పలేదు. మన చవక విస్కీల్లోనూ మడ్డి ఈఎన్‌ఏ చాలా కాలంగా పడుతూనే ఉంది, అందుకే ఐరోపా వాటిని విస్కీ అననివ్వదు. 'రమ్ పడదు, విస్కీయే' అనే పెద్దమనుషుల గ్లాసులో ఉన్నది కూడా చెరకే కావచ్చు.

గాఢత ఒక్కటే చూస్తే జమైకా దగ్గర లెక్క తప్పుతుంది. వాళ్ల కుండ బట్టీకి రెండు రిటార్టులు (ఆవిరిని మళ్లీ కాచే పాత్రలు) తగిలించి 80 శాతం పైన దింపుతారు, అయినా వాసన గది నిండుతుంది. ఊటలో పుట్టించినది అంత ఎక్కువ మరి.

కుండ బట్టీలో పనితనం చుక్కలు విడదీయడంలో ఉంది. బ్రెజిల్‌లో మొదటి 10 శాతాన్ని 'తల' అని, మధ్య 80ని 'గుండె' అని, చివరి 10ని 'తోక' అని అంటారు. సీసాలోకి గుండె ఒక్కటే వెళ్లాలి. తల కలిస్తే గోళ్ల రంగు తుడిచే మందు వాసన. తోక కలిస్తే తడి అట్టపెట్టె, చెమట వాసన. రాగి బట్టీకి శుభ్రత తప్పనిసరి. చిలుం పట్టిన రాగి చెంబుని చింతపండుతో తోమినట్టు తోమకపోతే ఆ చిలుం సారాలోకి దిగుతుంది. బ్రెజిల్‌లో లీటరుకి 5 మిల్లీగ్రాముల రాగి దాటకూడదని చట్టమే ఉంది.

కాచాక ఏం చేశారు

మన వాతావరణంలో పీపాలోంచి ఏటా 8 శాతం, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే ఆవిరైపోతుంది, స్కాట్లండ్‌లో 2 శాతమే. ఏటికి 8 చొప్పున 12 ఏళ్లకి పీపాలో మిగిలేది మూడోవంతుకి కాస్త ఎక్కువ. హర్యానాలో చెరకు రసంతో చేసే 'కామికర' 12 ఏళ్ల రమ్ ధర చూసి నోరు తెరిచేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి. వేడి దేశంలో నాలుగైదేళ్లకే చెక్క బాగా దిగుతుంది. ఆ తర్వాత వగరెక్కే ప్రమాదం కూడా ఉంది, ఏళ్లు పెరిగినకొద్దీ మంచిదని ఏం లేదు.

సీసా మీది అంకెలన్నీ వయసు కావు. మార్టినీక్‌లో 'వ్యూ' అని రాయాలంటే కనీసం మూడేళ్లు పీపాలో ఉండాలి. ఆ దీవి అగ్రికోల్‌కి 1996 నుంచి ఫ్రెంచి మూలస్థాన గుర్తింపు ఉంది, చెరకు ఎక్కడ పండాలో, బట్టీ ఎలా ఉండాలో కూడా అందులోనే ఉంటుంది. లాటిన్ అమెరికా సీసాల మీద 'సొలేరా 23' లాంటి అంకె కనిపిస్తే అందులో అన్నీ 23 ఏళ్లవని కాదు, చిన్నవీ పెద్దవీ కలిపిన వరసలో పెద్దదాని లెక్క అది. ఓల్డ్ మంక్ 1954 నుంచి ఉంది, లేబుల్ మీద ఏడేళ్ల బ్లెండ్ అని, 42.8 శాతం అని రాసి ఉంటుంది. ఆ వింత అంకె ఎందుకంటే, పాత బ్రిటిష్ లెక్కలో 57.1 శాతం నూరు ప్రూఫ్. దానికి పాతిక తక్కువ, అంటే '25 యూపీ' (అండర్ ప్రూఫ్), 42.8కి సమానం.

చక్కెర కలపడంలో దేశానికో రూలు. ఐరోపాలో రమ్‌కి లీటరుకి 20 గ్రాముల దాకా ఒప్పుకుంటారు. కషాసాలో 6 గ్రాములు దాటితే లేబుల్ మీద తియ్యబెట్టినదని చెప్పాలి, 30 దాటకూడదు. రంగు కలిపితే మన సీసాల వెనక చిన్న అక్షరాల్లో '150ఎ' అని ఉంటుంది. అది మాడ్చిన చక్కెర రంగు. హాని లేదు, కానీ వయసుకి సాక్ష్యమూ కాదు.

పేర్లతో కట్టిన వర్గాల సంగతి పొట్టిగా. స్పానిష్ వాళ్ల 'రోన్' తేలిక, ఇంగ్లిష్ వాళ్ల 'రమ్' బరువు, ఫ్రెంచి వాళ్ల 'రమ్' రసానిది అనే పాత పంపకం సగమే నిజం. ఒకే దీవిలో అన్ని రకాలూ కాస్తున్నారు. ఇటలీ వ్యాపారి లూకా గార్గానో బట్టీని బట్టి వర్గాలు కట్టాడు: ఒకే డిస్టిలరీ కుండ బట్టీది ఒకటి, కుండా కాలమూ కలిపినది ఒకటి, సంప్రదాయ కాలమ్‌ది ఒకటి, మిగతా ఫ్యాక్టరీ సరుకంతా ఒకటి. కొనేవాడికి ఇదే ఎక్కువ పనికొస్తుంది.

ఇంట్లో చేసుకునే పరీక్షలు

స్టీలు పళ్లెంలో 20 మిల్లీలీటర్లు పోసి ఫ్యాను కింద రాత్రంతా వదిలేయండి. లీటరుకి 10 గ్రాముల చక్కెర ఉంటే పళ్లెం మీద 0.2 గ్రాము మిగులుతుంది. వేలు పెడితే జిగురుగా సాగుతుంది, చీమలు ముందే వచ్చి ఉంటాయి. చక్కెర లేనిదైతే పలచటి గోధుమ రంగు మరక, వేలికి పొడిగా తగులుతుంది.

ఆల్కహాల్ హైడ్రోమీటర్ ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. లీటరుకి 10 గ్రాముల చక్కెర ఉంటే మీటరు ఆల్కహాల్‌ని రెండు శాతానికి పైగా తగ్గించి చూపుతుంది. 42.8 అని రాసిన సీసా 38 చూపిందంటే 20 గ్రాముల చుట్టుపక్కల ఉన్నట్టు. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోండి. మీటరు 20 డిగ్రీల వేడికి చేసినది. మేలో రాయగడలో గది వేడే 35 ఉంటుంది. 10 డిగ్రీలు ఎక్కువైతే మీటరు సుమారు నాలుగు ఎక్కువ చూపుతుంది, చక్కెర తగ్గించినదాన్ని వేడి కప్పేస్తుంది. గొట్టంతో సహా రమ్‌ని చల్లటి నీళ్ల గిన్నెలో ఉంచి, థర్మామీటరు 20 చూపాకే అంకె చదవండి. సీసా కల్తీదని కొట్టు మీదకి గొడవకెళ్లే ముందు ఈ పని చేయడం మంచిది.

ఇవేవీ లేకపోతే తాగిన గ్లాసుని కడక్కుండా తెల్లారే దాకా ఉంచండి. రసం రమ్ గ్లాసులో గడ్డి వాసన, కుండ బట్టీదైతే మాగిన అరటి, పీపాదైతే తడి చెక్క. ఎసెన్సు కలిపిన ఈఎన్‌ఏ అయితే చవక కేకు మీది వెనీలా, లేదా ఏమీ ఉండదు. మరో సంగతి: గాఢత ఎక్కువున్న మంచి రమ్‌లో చల్లనీళ్లు పోస్తే కొంచెం మబ్బు పట్టొచ్చు. అది కల్తీ కాదు, చల్లబరిచి వడగట్టనందువల్ల మిగిలిన నూనెలు.

ఇంతకీ ఏది కొనాలి

కోలాలో కలిపి పదిమందికి పోయాలంటే మడ్డి నల్ల రమ్ చాలు. కోలా కిందకి పోయాక అగ్రికోల్ అయినా పన్నెండేళ్లదైనా కనపడదు, డబ్బు నీళ్లలో పోసినట్టే. చలికాలం వేన్నీళ్లూ మిరియాలూ వేసుకునేవాళ్లకీ ఇదే నప్పుతుంది, ఆ వేడికి కారమెల్ తీపి కలిసొస్తుంది.

నీళ్లతోనే తాగే అలవాటైతే చక్కెర తక్కువున్నది, వయసో బట్టీ రకమో స్పష్టంగా రాసినది చూడండి. తియ్యబెట్టిన రమ్ మొదటి పెగ్గులో నున్నగా జారుతుంది, మూడో పెగ్గుకి వెగటు. '42.8 కన్నా 50 శాతం రమ్ ఘాటు' అని వెనకాడక్కర్లేదు, 60కి బదులు 50 మిల్లీలీటర్లు పోసుకుని నీళ్లు పెంచితే లోపలికి వెళ్లే ఆల్కహాల్ దాదాపు అంతే. క్వార్టర్ సంగతీ ఇక్కడే చెప్పాలి. 180 మిల్లీలీటర్ల 42.8 శాతంలో 61 గ్రాముల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది, ఒక మనిషికి ఒక పూటకి అది ఎక్కువ.

నిమ్మకాయతో తాగడానికి రసం రమ్‌ని మించినది లేదు. బ్రెజిల్ పద్ధతి: పెద్ద నిమ్మకాయ సగం ముక్కలు కోసి, రెండు చెంచాల పంచదారతో మెత్తగా నొక్కి, 60 మిల్లీలీటర్ల కషాసా, నిండా ఐసు. నిమ్మతొక్క మీద ఎక్కువ బలం చూపితే చేదు దిగుతుంది. ఈ సరిహద్దు ఊళ్ల కొట్లలో కషాసా, అగ్రికోల్ కోసం వెతికితే మామూలుగా దొరకవు. బరంపురం వైపు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లకి చెబితే డ్యూటీ ఫ్రీలో చూస్తారు, మనిషికి రెండు లీటర్ల దాకా తేవచ్చు. రెండింట్లో ఏదని అడిగితే, నిమ్మకి కషాసా, ఊరికే చప్పరించడానికి అగ్రికోల్. ఎందుకంటే అగ్రికోల్ చాలావరకు 50, 55 శాతం సీసా, కషాసా చట్టప్రకారమే 48 దాటదు. అవి లేనిచోట తెల్ల రమ్‌తో సరిపెట్టుకోవద్దు. బెల్లపు రమ్ దొరికితే అదే వేసి, పంచదార ఒక చెంచా తగ్గించండి.

మహారాష్ట్ర వైపు, దెగ్లూర్, బిలోలి, రాజురా ఊళ్లలో 'దేశీ దారూ' అంగడి వేరే. అక్కడి సంత్రా నారింజ వాసన కలిపిన స్పిరిట్, దాన్ని రమ్‌తో పోల్చడంలో అర్థం లేదు. ఆ రాష్ట్రంలో రమ్ లాంటి గాఢ మద్యానికి 25 ఏళ్లు నిండాలి, తాగడానికి పర్మిట్ కూడా ఉండాలి. ఒడిశాలో వయసు హద్దు 21. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది, కాబట్టి సిరోంచ వాళ్లు వంతెన దాటి తెలంగాణలో కొన్న సీసాని ఇంటికి తెచ్చుకోవడం నేరం. చంద్రపూర్‌లో 2015లో పెట్టిన నిషేధాన్ని 2021లో ఎత్తేశారు. ఒడిశా, ఆంధ్ర మధ్య కూడా అంతే జాగ్రత్త కావాలి. పర్లాకిమిడిలో కొని పాతపట్నంలో తాగుదామనుకుంటే, మూత మీది ఎక్సైజు స్టిక్కర్ చెక్‌పోస్టులో మీకన్నా ముందు మాట్లాడుతుంది.